వార్డెన్‌గారికీ ఓ ఇల్లుంది

అర్ధరాత్రి జ్వరం వచ్చినా, కొళాయిలో నీళ్లు రాకపోయినా, ఇంటిమీద బెంగ పుట్టినా... హాస్టల్ పిల్లలు ముందుగా తట్టేది వార్డెన్ తలుపే. ఆ తలుపు వెనకా ఓ కుటుంబం ఉంటుంది. మరి, ఆ కుటుంబానికి మిగిలే గంటలెన్ని?

అడ్మిషన్ల రోజుల్లో ఏ యూనివర్సిటీ హాస్టల్ ముందు నిలబడినా ఒకటే సందడి. ట్రంకుపెట్టెలు పోయి చక్రాల సూట్‌కేసులు వచ్చాయి కానీ పచ్చడి సీసాలూ బకెట్టూ మగ్గూ దిండూ మాత్రం మారలేదు. అమ్మానాన్నలు గది చూస్తారు. మంచం కదిపి చూస్తారు. బాత్రూమ్ తలుపుకి గడియ పడుతోందో లేదో చూస్తారు. చివరికి ఆఫీసు గదిలోకి వచ్చి, వార్డెన్‌కి దండం పెట్టి ఒకే మాట అంటారు... ‘మా పాపను మీ చేతుల్లో పెడుతున్నాం మేడమ్. ఇక్కడ అమ్మయినా నాన్నయినా మీరే!’

అన్నవాళ్లకి ఆ మాట కొండంత ధైర్యం. విన్నవాళ్లకి మాత్రం ఆ రోజునుంచీ రాత్రీ పగలూ తేడా ఉండదు.

రాయలసీమలోని ఓ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే ఒకావిడ తొమ్మిదేళ్లుగా ఈ మాట వింటున్నారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం ల్యాబు, పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు... ఇదీ ఆమె ఉద్యోగం. మహిళా హాస్టల్ వార్డెన్ పని ‘అదనపు బాధ్యత’. మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి. పాఠాలు చెప్పేవాళ్లలోనే ఒకరికి హాస్టల్ అప్పగిస్తారు. జీతం పాఠాలకి. వార్డెన్ పనికి ఓ చిన్న గౌరవ వేతనం, హాస్టల్ పక్కనే క్వార్టరు. ఆ క్వార్టరు వంటింటి కిటికీ తెరిస్తే హాస్టల్ గేటు కనిపిస్తుంది. ‘అదే సౌకర్యం, అదే చిక్కు’ అంటారామె. ఆమెకు గేటు కనిపిస్తోందంటే, గేటు దగ్గరున్నవాళ్లకి ఆమె ఇంట్లో లైటు కూడా కనిపిస్తుంది కదా మరి!

నలభై ఒక్క ఫోన్లు

పొద్దున ఐదున్నరకి మొదటి ఫోను మెస్ నుంచి. పాలవ్యాను రాలేదు, గ్యాస్ సిలిండరు ఒక్కటే మిగిలింది, వంటమాస్టరు చెప్పకుండా ఊరెళ్లాడు... వీటిలో ఏదో ఒకటి. ఎనిమిదింటికి టిఫిన్ల దగ్గర ఓసారి కనిపించాలి. ఉప్మా ఉడకలేదన్న ఫిర్యాదు విన్నాకే తొమ్మిదిన్నర క్లాసుకి పరుగు. సాయంత్రం ఐదు నుంచీ అవుట్‌పాసుల పని. ‘అక్కకి పెళ్లిచూపులు’, ‘అవ్వకి బాగాలేదు’, ‘బ్యాంకులో ఆధార్ లింకు’... ప్రతి చీటీకీ వాళ్లింటికి ఫోన్‌చేసి కనుక్కోవాలి. రాత్రి తొమ్మిదికి హాజరు. ఒక్క అమ్మాయి తక్కువైనా, ఆ అమ్మాయి లైబ్రరీలో కూర్చుని చదువుకుంటోందని తేలేదాకా కాలు నిలవదు. నెలాఖరున మెస్ బిల్లు. సరుకుల ఖర్చంతా కలిపి పిల్లలు తిన్న రోజుల లెక్కన పంచే ‘డివైడింగ్ సిస్టమ్’ అక్కడిది. తలకి వంద రూపాయలు పెరిగిందంటే ఆ వారమంతా జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇవన్నీ కనిపించే పనులు. కనిపించనివి రాత్రి పది దాటాక మొదలవుతాయి. ఫలితాలొచ్చిన రోజు పై అంతస్తులో ఎవరో అన్నం ముట్టలేదని కబురొస్తుంది. వానాకాలమైతే జ్వరాలు. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే 108కి ఫోన్‌చేసి తనూ బండెక్కాలి. ఇంట్లో సంబంధం ఖాయం చేశారనీ చదువు మానెయ్యమంటున్నారనీ ఏడ్చే అమ్మాయి ఒకరు. స్కాలర్‌షిప్ డబ్బు రాక మెస్ బాకీ పెరిగిపోయి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక తనలో తానే కుమిలిపోయే అమ్మాయి మరొకరు. వీళ్లెవరూ ముందుగా చెప్పి రారు. ‘మేడమ్, నిద్రపోయారా?’ అని వాట్సప్‌లో ఒక్క ముక్క పెడతారు. అది చూశాక నిద్ర పట్టేదెవరికి?

బ్యాంకులో పనిచేసే ఆమె భర్త ఓ వారంపాటు లెక్క రాశారు. రాత్రి తొమ్మిది దాటాక హాస్టల్ గురించి వచ్చిన ఫోన్లు నలభై ఒకటి. వాటిలో మంచం దిగి వెళ్లాల్సినంత అవసరమైనవి మూడు. మిగతావన్నీ... ఫ్యాను తిరగట్లేదు, వైఫై రావట్లేదు, గది తాళంచెవి పోయింది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది మాత్రం తల్లిదండ్రుల ఫోన్లే. ‘మా పాప ఫోనెత్తడంలేదు మేడమ్, కాస్త చూస్తారా?’ అని. వెళ్లి చూస్తే, పాప ఫోను ఛార్జింగ్‌లో పెట్టి హాయిగా నిద్రపోతోంది!

ఆ మూడు ఫోన్ల కోసమే ఆమె మిగతా ముప్ఫై ఎనిమిదీ ఎత్తారు. ఏది ఆ మూడిట్లో ఒకటో ఎత్తకుండా తెలియదు మరి.

‘అన్ని వేళలా’ అంటే...

వార్డెన్ రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలన్నది ఎవరో సరదాకి పెట్టిన ఆనవాయితీ కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్‌ని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా దేశవ్యాప్తంగా ఆ జాడ్యం ఆగలేదు. సుప్రీంకోర్టు జోక్యంతో సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె.రాఘవన్ నేతృత్వంలో ఏర్పాటైన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యూజీసీ, ర్యాగింగ్ నిరోధానికి నిబంధనలు తెచ్చింది. వాటిలో హాస్టళ్ల గురించి రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, ప్రతి హాస్టల్‌కీ పూర్తికాలపు వార్డెన్ ఉండాలి. క్రమశిక్షణ చూడటమే కాదు, పిల్లలతో మాట్లాడే నేర్పూ వాళ్లకు నచ్చజెప్పే ఓర్పూ కూడా ఆ వార్డెన్‌కి ఉండాలి. హాస్టల్‌లోనో, కనీసం దగ్గర్లోనో కాపురముండాలి. రెండు, వార్డెన్ అన్ని వేళలా అందుబాటులో ఉండాలి. అందుకు సంస్థే ఒక సెల్‌ఫోన్ ఇచ్చి ఆ నంబరు పిల్లలందరికీ తెలిసేలా చేయాలి.

మంచి నిబంధనలే. ఎంతోమంది పిల్లలకి రక్షణ కల్పించినవే. కానీ అమల్లోకి వచ్చేసరికి తమాషా జరిగింది. రెండో మాట అక్షరాలా అమలైంది. ‘పూర్తికాలపు వార్డెన్’ అన్న మొదటి మాట మాత్రం చాలాచోట్ల ‘అదనపు బాధ్యత’గా మారిపోయింది. పొద్దున పాఠం చెప్పే మనిషే రాత్రంతా మెలకువగా ఉండాలన్నమాట!

రైల్వేస్టేషన్ ఎప్పుడూ మూతపడదు. అలాగని స్టేషన్ మాస్టరు ఇరవైనాలుగు గంటలూ కుర్చీలో కూర్చోడు. డ్యూటీ దిగే ముందు తర్వాతివారికి లెక్కలన్నీ అప్పగించి సంతకం పెట్టి ఇంటికెళతాడు. ఆస్పత్రి వార్డులో నర్సులూ అంతే. మెలకువగా ఉండాల్సింది కుర్చీ, అందులో కూర్చున్న ఒకే మనిషి కాదు. ఈ చిన్న తేడా హాస్టళ్ల విషయంలో ఎవరికీ తట్టలేదు. సంస్థ ఇచ్చిన మాట మెల్లగా ఒక మనిషి మీద పడింది. ఆ మనిషికి నిద్ర చాలకపోతే ‘ఇంటినీ ఉద్యోగాన్నీ సమన్వయం చేసుకోవడం నేర్చుకోవాలి’ అని సలహా ఇచ్చేవాళ్లు మాత్రం బోలెడుమంది.

వార్డెన్‌కి ఓ లీవు లెటరు

అలాంటి సలహాలన్నీ ఆమె పాటించి చూశారు. పొద్దున్నే లేచి యోగా చేశారు. చేయాల్సిన పనులు డైరీలో రాసుకున్నారు. రాత్రి పదకొండుకి ఫోను సైలెంట్‌లో పెట్టాలని నిర్ణయించుకున్నారు. మూడోరోజు రాత్రి పావుతక్కువ పన్నెండుకి కేర్‌టేకర్ వచ్చి తలుపు తట్టింది. ఓ అమ్మాయి మెట్లమీద జారిపడింది, మడమ బెణికింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఆ తర్వాత ఫోను సైలెంట్‌లో పెట్టే ధైర్యం ఆమెకి రాలేదు.

తొమ్మిదో తరగతి చదువుతున్న కొడుకు మొదట్లో అలిగేవాడు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉందని నాలుగుసార్లు గుర్తుచేసేవాడు. రానురాను గుర్తుచేయడం మానేశాడు. నాన్నతోనే వెళ్లి వచ్చేవాడు. ‘అడగటం మానేశాడంటే అర్థం చేసుకున్నాడని మురిసిపోయా. అసలు సంగతి అది కాదు’ అంటారామె.

అసలు సంగతి ఓ శనివారం సాయంత్రం తెలిసింది. అవుట్‌పాసుల కట్టలో ఒక చీటీ చేతిరాత తెలిసినదిలా అనిపించింది. అందులో ఇలా ఉంది... ‘గౌరవనీయులైన వార్డెన్‌గారికి, రేపు ఆదివారం సాయంత్రం 5 గంటలనుంచి 8 గంటల వరకూ మా అమ్మని బయటికి పంపించవలసిందిగా కోరుతున్నాను. కారణం: సినిమా. సకాలంలో తిరిగి తీసుకొస్తానని హామీ ఇస్తున్నాను. ఇట్లు, లోకల్ గార్డియన్.’

కేర్‌టేకర్ పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వారు. చీటీ మీద ‘అనుమతించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు కూడా. మర్నాడు సినిమాకి వెళ్లారు. ఇంటర్వెల్లో ఫోనొచ్చింది... నీళ్ల మోటారు కాలిపోయిందని. హాస్టల్‌లో మూడొందలమందికి పైగా ఆడపిల్లలు, చుక్క నీళ్లు లేవు. పిల్లాడు ఏమీ అనలేదు. పాప్‌కార్న్ పొట్లం మడిచి సంచిలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. వాడు అలా సిద్ధంగా ఉండటమే ఆమెకి గుచ్చుకుంది.

ఆ మాట అమ్మతో చెప్పుకుంటే, ఆవిడ కూరగాయలు తరుగుతూనే ‘ఊళ్లో పిల్లలందరికీ అమ్మవైతివి. వీడికి ఆ హాస్టల్‌లో సీటిప్పించు, అప్పుడన్నా చూస్తావు’ అందట.

నవ్వుతూ చేసే పని

ఇది వార్డెన్ల ఒక్కరి కథే కాదు. యూనివర్సిటీలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ల జాబితా పెద్దది. తెల్లారుజామున నాలుగింటికే గ్రైండరు దగ్గర నిలబడే వంటవాళ్లు. రాత్రంతా గేటు కాసే వాచ్‌మన్. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకి రోజుకి వందసార్లు జవాబు చెప్పే స్కాలర్‌షిప్పుల సెక్షన్ గుమస్తా. హాల్‌టికెట్‌లో పేరు తప్పుపడిందని పరీక్షకి ముందురోజు ఏడుస్తూ వచ్చేవాళ్లని ఊరడించే పరీక్షల విభాగం ఉద్యోగి. పొద్దుటినుంచీ ఒకరి తర్వాత ఒకరి గోడు వినే కౌన్సెలర్.

2008లో ఏర్పాటైన ట్రిపుల్ ఐటీల సంగతే తీసుకోండి. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఈ ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌లలో పదో తరగతి కాగానే ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటారు. అంటే, యూనివర్సిటీ హాస్టల్‌లో అడుగుపెట్టే పిల్లలకి పదిహేను, పదహారేళ్లే! చాలామందికి ఇల్లు వదిలి రావడం అదే మొదటిసారి. అలాంటిచోట కేర్‌టేకర్ చేసేది ఒక్క ఉద్యోగమా?

ఇలాంటి ఉద్యోగాల్లో అలసట వేరుగా ఉంటుంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు దానికి ‘బర్న్‌అవుట్’ అని పేరుపెట్టారు. ఆయన ఆ మాట వాడింది పెద్ద కంపెనీల మేనేజర్ల గురించి కాదు. న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో ఇతరులకి సాయపడుతూ తామే నీరసించిపోయిన కార్యకర్తల గురించి. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను పరిశీలించి, లోపల ఎలా ఉన్నా పైకి నవ్వుతూ ఉండటం కూడా శ్రమేనని రాశారు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బర్న్‌అవుట్‌ని జబ్బు అనలేదు కానీ, పనిచేసే చోట ఒత్తిడిని సరిచేయకపోతే వచ్చే పరిస్థితి అని వివరించింది. దాని లక్షణాలు మూడు. ఒంట్లో శక్తి హరించుకుపోవడం, చేసే పనిమీద విముఖత పెరగడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనిపించడం.

ఆ రెండోది హాస్టల్‌లో మొదలైతే చాలా ప్రమాదం. అలసిపోయిన వార్డెన్ కోపిష్టి వార్డెన్ అవుతుంది. ‘అందరూ ఇంతే, నాటకాలు’ అనుకోవడం అలవాటవుతుంది. అలాంటి రోజునే ఓ అమ్మాయి నిజంగా బాధలో ఉండి తలుపు తడితే..? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మనదేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వినాల్సిన మనిషికి వినే ఓపిక మిగిలి ఉండటం ఎంత అవసరమో ఆ అంకె చెబుతుంది. వార్డెన్‌కి నిద్ర దొరకడం వార్డెన్ సుఖం కోసమే కాదు, పిల్లల క్షేమం కోసం కూడా.

చేతులు మారే పుస్తకం

మోటారు కాలిపోయిన ఆదివారం తర్వాత, ఆమె పక్క హాస్టల్ వార్డెన్లతో కూర్చుని మాట్లాడారు. క్యాంపస్‌లో మహిళా హాస్టళ్లు మూడు. ముగ్గురు వార్డెన్లూ రోజూ మెలకువగానే ఉంటున్నారు. మూడు భవనాల మధ్య దూరం రెండు నిమిషాల నడక. అలాంటప్పుడు రాత్రికి ఒక్కరు చాలరా?

చీఫ్ వార్డెన్ దగ్గరికెళ్లి చెబితే ఆయన మొదట అడిగిన ప్రశ్న, ‘పైనుంచి ఫోనొస్తే మీ ముగ్గురిలో ఎవరెత్తుతారు?’ అని. జవాబుగా వాళ్లు ఒక కొత్త సిమ్ కొన్నారు. ఆ ఫోను ఎవరి దగ్గరుంటే వాళ్లదే ఆ రాత్రి డ్యూటీ. మూడు హాస్టళ్ల నోటీసుబోర్డులమీదా అదే నంబరు. ఫోనుతోపాటు ఓ పుస్తకం కూడా చేతులు మారుతుంది. ఏ గదిలో ఎవరికి జ్వరం, ఎవరు ఇంకా ఊరినుంచి రాలేదు, ఎవరిమీద ఓ కన్నేసి ఉంచాలి... అన్నీ సాయంత్రం రాసి అప్పగించాలి. తెల్లారి ఏం జరిగిందో రాసి తిరిగివ్వాలి.

కేర్‌టేకర్లకీ కొన్ని అధికారాలిచ్చారు. ఫ్యూజు, తాళం, నీళ్లు... వీటికి వార్డెన్‌ని లేపక్కర్లేదు. చేతిలో కాస్త డబ్బు ఉంచారు. ఎవరికైనా బాగాలేకపోతే ముందు హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లు, తర్వాత ఫోన్ చెయ్యి అని కాగితమ్మీద రాసిచ్చారు. అంతకుముందు ఆ మాటకోసం కేర్‌టేకర్ ఫోన్‌పట్టుకుని ఎదురుచూసేది.

మొదటి వారం ఆమెకి నిద్రపట్టలేదు. ఫోను చేతిలో లేకపోయినా మోగినట్టే అనిపించేది. రెండుసార్లు కిటికీ తెరిచి గేటు వైపు చూశారు. ‘ఎవరండీ మీరు? మా మేడమ్ ఏరి?’ అని ఓ తండ్రి డ్యూటీలో ఉన్న వార్డెన్‌మీద కేకలేశాడు. ‘మేడమ్ మమ్మల్ని పట్టించుకోవడంలేదు’ అని కొందరు పిల్లలు అనుకున్నారు కూడా.

రెండో నెలలో ఓ రాత్రి ఆమె హాస్టల్ అమ్మాయికే విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. డ్యూటీలో ఉన్న వార్డెన్ అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. అపెండిసైటిస్. తెల్లారేసరికి ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆమెకి ఆ సంగతి పొద్దున ఆరింటికి పుస్తకంలో చదివితే తెలిసింది. ముందు హమ్మయ్య అనుకున్నారు. ఆ వెంటనే మనసులో ఎక్కడో చివుక్కుమంది. ఆస్పత్రికి వెళ్తే ఆ అమ్మాయి ‘రాత్రి ఆ మేడమ్ నా చెయ్యి వదల్లేదు’ అని చెప్పింది. ఆ అమ్మాయి తల్లి కూడా ఆ మేడమ్‌కే దండం పెట్టింది.

‘నేను లేకపోతే జరగదు అనే నమ్మకం కూడా నన్ను మేల్కొలిపి ఉంచేదేమో’ అంటారామె. బాధ్యతలో కాస్త అతిశయం కలిసిపోతే దేన్నుంచి దేన్ని విడదీయాలో తెలియదు. అది తెలుసుకోవడానికి ఆమెకి తొమ్మిదేళ్లు పట్టింది.

అన్నీ వంతులతో సర్దుకోలేదు. కొందరు అమ్మాయిలు ఒక్కరికే మనసు విప్పుతారు. పుస్తకంలో రాయకూడని సంగతులుంటాయి. అలాంటి అమ్మాయిని అడిగి, ఆమె ఒప్పుకుంటేనే, కౌన్సెలర్‌కో ఇంకో వార్డెన్‌కో పరిచయం చేస్తున్నారు. ఏ అమ్మాయికైనా క్యాంపస్‌లో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు తెలిసుండాలన్నది ఇప్పుడు అక్కడ నియమం.

వారాలబ్బాయి రోజుల్లో...

నిజానికి ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. హాస్టళ్లు లేని రోజుల్లో బీదపిల్లలు పట్నం వచ్చి వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో... అలా వారానికి ఏడిళ్లు. వారాలబ్బాయికి ఏ ఇంట్లో ఎంత ఆదరణ దొరికిందన్నది వేరే కథ, చేదు అనుభవాలూ ఉండేవి. కానీ ఆ ఏర్పాటులో ఒక తెలివి ఉంది. ఒక పిల్లాడి భారం ఏ ఒక్క ఇల్లాలిమీదా ఏడురోజులూ పడేది కాదు. అందుకే ఎన్నో ఇళ్లు ఏళ్ల తరబడి ఆ పని చేయగలిగాయి.

ఇప్పుడు ఏడిళ్ల పని ఒకే క్వార్టరు మీద పెట్టి, ఎందుకు నిలవడంలేదని ఆశ్చర్యపోతున్నాం.

ఇల్లలకగానే పండగ కాదు

పనివేళలు దాటాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కు గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచీ, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచీ చట్టాలున్నాయి. మన లోక్‌సభలోనూ 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. అయినా హాస్టల్‌కి ఆ మందు నేరుగా పనికిరాదు. రాత్రి రెండింటికి పిల్లకి జ్వరమొస్తే ఎవరో ఒకరు ఫోను ఎత్తి తీరాలి. కావలసింది ఫోను ఆపేయడం కాదు, ఆ ఫోనుని ఇంకొకరి చేతికివ్వడం. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. 14416కి ఉచితంగా ఫోన్‌చేసి తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ రాత్రంతా ఒక్కరే కూర్చుంటే ఆ లైన్ ఎన్నాళ్లు నడుస్తుంది?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఓ విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న కీలకమైన తీర్పు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా మానసిక ప్రథమచికిత్సలో శిక్షణ ఇవ్వాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనిపించేలా పెట్టాలంది. అన్నీ అవసరమైనవే. కానీ ఇల్లలకగానే పండగ కాదుగా. శిక్షణ పొందిన మనిషి రోజుకి పద్దెనిమిది గంటలు పనిచేస్తూ ఉంటే ఆ శిక్షణ ఏ గంటలో అక్కరకొస్తుంది?

హాస్టల్లో పిల్లలున్న అమ్మానాన్నలు చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. పిల్లలతో మాట్లాడటానికి రోజూ ఒక వేళ పెట్టుకుంటే, ‘ఫోనెత్తట్లేదు’ అన్న భయం సగం తగ్గుతుంది. రూమ్మేట్ నంబరు కూడా దగ్గరుంచుకుంటే మిగతా సగమూ తగ్గుతుంది. పిల్లకి ఆస్తమానో ఫిట్సో ఉంటే చేరిన రోజే రాసివ్వాలి, దాచకూడదు. వార్డెన్ సొంత నంబరు కన్నా, రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, ఏ నంబరుకి చేయాలో అడిగి తెలుసుకోవడం మేలు. నిజంగా భయమేస్తే మాత్రం ఏ వేళన్నది చూడక్కర్లేదు, వెంటనే చేయాలి. ఆ ఫోను ఉన్నదే అందుకు.

ఇంకొక్కటి. ముగ్గురు వార్డెన్లకి రెండేసి రాత్రుల నిద్ర దొరికిందంటే, ఆ పనిలో కొంత కేర్‌టేకర్ల నెత్తిన పడిందనే అర్థం. వాళ్లది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. క్వార్టరు లేదు. వారానికో సెలవని కాగితమ్మీద ఉన్నా, ఆ రోజు ఎవరొస్తారన్నది అందులో లేదు. హాస్టల్‌కి రెండో కేర్‌టేకర్ కావాలని ముగ్గురూ కలిసి అర్జీ పెట్టారు. దానికో ఫైలు తెరిచారు, అది కదల్లేదు. యూనివర్సిటీకి తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు బోలెడొస్తాయి కానీ, ‘మా పిల్లల్ని చూసుకోవడానికి ఇంకొక మనిషిని వెయ్యండి’ అన్న ఉత్తరం ఎప్పుడూ రాలేదట. ఈ ఏడాది అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగిన అమ్మాయి తండ్రి మరో పదిమందితో సంతకాలు పెట్టించి ఆ ఉత్తరం రాశాడు.

ఫైలు ఒక టేబుల్ దాటింది. రెండో కేర్‌టేకర్ ఇంకా రాలేదు. వస్తే ఇప్పుడున్న ఆమెకి ఆదివారం సెలవు దొరుకుతుంది. ఆమెకీ ఇద్దరు పిల్లలు.